పడిన తరువాత కాలు చాపలేకపోతే: మోకాలిచిప్ప, టెండన్ గాయాలకు ఏం చేయాలి

“మెట్టు తప్పి పడ్డాను. ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు. క్రేప్ బ్యాండేజీ చుట్టి పంపించారు. వారం అయింది, కాలు మాత్రం పైకి లేవడం లేదు. నొప్పి తగ్గితే అదే లేస్తుందా?”

ఫిజియోథెరపిస్టుగా నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్న ఇది. ప్రతిసారీ ఒకే జవాబు చెబుతున్నాను కాబట్టి దాన్ని ఒకచోట వివరంగా రాసి పెడుతున్నాను. నొప్పి తగ్గేదాకా ఆగకండి. పడిన తరువాత మీ మోకాలిని మీ అంతట మీరు నిటారుగా చాపలేకపోతే, చాపిన కాలిని మంచం మీంచి జానెడు ఎత్తు లేపలేకపోతే, దాన్ని బెణుకు అని సరిపెట్టుకోవద్దు.

గత వానాకాలంలో ఒక ఉపాధ్యాయుడు మా దగ్గరికి వచ్చారు. యాభై దాటిన మనిషి. బడి వరండా మెట్ల మీద కాలు జారి అప్పటికి ఇరవై నాలుగు రోజులు. “నడుస్తున్నాను కదండీ” అంటూనే లోపలికి వచ్చారు. మంచం ఎక్కేటప్పుడు ఆయన చేసిన పని మాత్రం నా కళ్లలోంచి పోలేదు. బాగున్న కాలి పాదాన్ని దెబ్బ తగిలిన కాలి మడమ కిందకు దూర్చి, దాన్ని అలాగే ఎత్తి మంచం మీదకు చేర్చుకున్నారు. “ఈ మధ్య ఇలాగే ఎక్కుతున్నారు, అలవాటైపోయింది” అన్నారు వాళ్ల భార్య. మోకాలిచిప్పకు కాస్త పైన వేలు పెట్టి చూశాను. బొటనవేలు కూర్చునేంత గుంట. తొడ కండరం టెండన్ (కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడులాంటి గట్టి నార) పూర్తిగా తెగి, పై కొస తొడలోకి ముడుచుకుపోయింది. మొదటి వారంలో అయితే సూటిగా కుట్టేసే గాయం. నాలుగో వారానికి పెద్ద ఆపరేషన్ అయింది.

ఆ మొదటి రోజున ఎవరైనా ఆయన్ని “ఒకసారి కాలు ఎత్తండి” అని అడిగి ఉంటే చాలు. ఇది రాయడానికి కారణం అదే.

లోపల ఏమి జరుగుతుంది

బావి గిలకను గుర్తు తెచ్చుకోండి. తొడ ముందువైపు కండరం లాగే మనిషి. చిప్పకు పైన ఒక టెండన్, కింద మరో టెండన్ కలిసి చేంతాడు. మోకాలిచిప్ప గిలక. మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే ఎముక బుడిపె దగ్గర ఆ తాడు కొస కట్టి ఉంటుంది. తాడు గిలకకు పైన తెగినా, కింద తెగినా, గిలకే రెండు ముక్కలైనా బక్కెట పైకి రాదు. లాగే మనిషికి ఎంత బలం ఉన్నా లాభం లేదు.

పై టెండన్ ఎక్కువగా నలభై దాటినవారిలో తెగుతుంది. కింది టెండన్ నలభై లోపు వారిలో, ముఖ్యంగా పరుగులు, గెంతులు ఉండే ఆటల్లో తెగుతుంది. చిప్ప విరగడానికి వయసుతో పని లేదు. టెండన్ తెగడానికి పెద్ద ప్రమాదమే జరగనక్కరలేదు. మెట్టు తప్పి, పడిపోకుండా ఆపుకోబోయినప్పుడు మోకాలు వంగుతూ ఉంటుంది, తొడ కండరం దాన్ని బలంగా పట్టి ఆపబోతుంది. ఆ గుంజులాటలోనే తాడు తెగుతుంది. 1997 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్‌కు జరిగింది ఇదే. గోల్ఫ్ క్రీడాకారుడు గ్రెగ్ నార్మన్ ఇంటి దగ్గర రాత్రిపూట మెట్టు తప్పారు. యాభై ఏళ్ల వయసు, కుడి మోకాలి పై టెండన్ కొంతమేర తెగింది. వెంటనే ఆపరేషన్ చేశారు. వారం తిరిగేసరికి చక్రాల కుర్చీలోనే హెల్సింకీ వెళ్లి రష్యా అధ్యక్షుడితో సమావేశమయ్యారు.

చిప్ప నేలకు కొట్టుకుంటేనే విరుగుతుందని కూడా అనుకోకండి. 1992లో వెల్లింగ్టన్ టెస్టులో ఇంగ్లండ్ ఫాస్ట్ బౌలర్ డేవిడ్ లారెన్స్ బంతి వేయబోతూ కుప్పకూలారు. ఎవరూ తగల్లేదు, దేనికీ కొట్టుకోలేదు. పాదం నేల మీద మోపిన ఒత్తిడికే మోకాలిచిప్ప చీలిపోయింది.

దగ్గర ఉంచుకోవలసినవి

మొదటి రోజుకు: రెండు దిండ్లు, పాత దినపత్రికల కట్ట లేదా గట్టి అట్టపెట్టె, నాలుగు చున్నీలు లేదా పొడవాటి గుడ్డపట్టీలు, మంచు, దాన్ని చుట్టడానికి తువ్వాలు, కెమెరా ఉన్న ఫోను, మీరు రోజూ వేసుకునే మందుల చీటీ.

తరువాతి వారాలకు: వాకర్ లేదా చంకకర్రలు, చేతులున్న ఎత్తైన కుర్చీ, కమోడ్ కుర్చీ (ఇంట్లో నేలబారు మరుగుదొడ్డి మాత్రమే ఉంటే ఇది తప్పనిసరి), దర్జీ టేపు, ఒక నోటుపుస్తకం.

1. లేవకండి, ముందు చూడండి

పడిన వెంటనే నలుగురూ చేరి చంకల కింద చేతులు వేసి లేపేస్తారు. వద్దనండి. కూర్చున్నచోటే ఉండి నాలుగు విషయాలు చూసుకోండి. మోకాలి మీద చర్మం చీలిందా? కాలు వంకర తిరిగిందా? పాదం చల్లబడిందా, రంగు మారిందా? వేళ్లు కదులుతున్నాయా, తాకితే తెలుస్తోందా?

వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇంటి పరీక్షలు ఏవీ వద్దు. 108కి ఫోను చేయండి. చర్మం చీలి ఉంటే శుభ్రమైన గుడ్డ కప్పి వదిలేయండి. పసుపు, కాఫీ పొడి అద్దకండి. చిప్ప విరిగి పైన గాయం కూడా ఉంటే లోపలి కీలుకు దారి తెరుచుకుని ఉండవచ్చు. ఆసుపత్రిలో దాన్ని కడగడం, యాంటీబయాటిక్ ఇవ్వడం గంటల్లో జరగాల్సిన పని. పొడి అద్దితే ఆ పని రెట్టింపవుతుంది.

2. కాలు ఎత్తి చూడండి

పై ప్రమాద సూచనలు లేకపోతేనే ఇది చేయండి. వెల్లకిలా పడుకోండి. బాగున్న మోకాలిని మడిచి పాదం నేల మీద ఆనించండి. దెబ్బ తగిలిన కాలిని చాపి ఉంచి తొడ బిగించండి. మోకాలు వంచకుండా మడమను జానెడు ఎత్తు లేపి, ఐదు లెక్కపెట్టేదాకా ఆపండి. పక్కన ఒకరు కూర్చుని మోకాలి వెనుక భాగాన్ని గమనించాలి. వీలైతే ఫోనులో వీడియో తీయించండి. ఆసుపత్రికి చేరేసరికి వాపు, నొప్పి పెరిగి పరీక్ష సరిగ్గా కుదరకపోవచ్చు. అప్పుడు ఆ వీడియో వైద్యుడికి పనికొస్తుంది.

కాలు నిటారుగా లేచి ఆగితే పూర్తిగా తెగే అవకాశం తక్కువ. అయినా చిప్ప బీటలు వారి ఉండవచ్చు. వాపు ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే.

కాలు లేచింది గానీ మోకాలు వంగి, మడమ వేలాడుతోందంటే కొంతమేర తెగి ఉండవచ్చు. తాడు పూర్తిగానే తెగి, చిప్పకు రెండు పక్కలా ఉండే పొరలు మాత్రమే పట్టి ఉండవచ్చు కూడా. రెంటినీ ఒకేలా, అనుమానంతోనే చూడండి.

కాలు అసలే లేవకపోతే మూడో అడుగు చూసి, నాలుగో అడుగులో చెప్పినట్టు కాలిని కట్టి, ఆ తరువాత నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. మళ్లీ మళ్లీ ప్రయత్నించకండి. ఒకసారి చాలు.

ఇంకో తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇంకొకరు మడమ పట్టుకుని నెమ్మదిగా చాపితే కాలు చాపుకుంటోందా? చాపుకుంటూ, మీ అంతట మీరు చాపలేకపోతే అనుమానం తాడు మీదే. ఇంకొకరు చాపబోయినా మధ్యలో అడ్డం పడినట్టు ఆగిపోతే కీలు లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగి ఇరుక్కుని ఉండవచ్చు. అది వేరే గాయం, వేరే చికిత్స. బలవంతంగా చాపకండి.

3. వేలితో తడిమి చూడండి

రెండు మోకాళ్లనూ పక్కపక్కన పెట్టి చూపుడువేలితో తొడ మధ్య నుంచి కిందికి, చిప్ప మీదుగా, ఎముక బుడిపె దాకా నెమ్మదిగా రాయండి. చిప్పకు పైన మెత్తటి గుంట తగిలితే పై టెండన్, కింద తగిలితే కింది టెండన్ తెగి ఉండవచ్చు. చిప్ప మీదే చీలిక తగిలితే విరిగినట్టు. కింది టెండన్ తెగినప్పుడు చిప్ప పైకి జారి, రెండో మోకాలి కన్నా ఎత్తులో కనిపిస్తుంది.

ఇక్కడ రెండు హెచ్చరికలు. కొన్ని గంటల్లో రక్తం చేరి వాపు ఆ గుంటను పూడ్చేస్తుంది. గుంట తగలలేదు కాబట్టి తెగలేదు అనుకోకూడదు. రెండోది, ఒక్కోసారి రెండు మోకాళ్లలోనూ ఒకేసారి తెగుతుంది. అప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి, పోల్చి చూసినా తేడా తెలియదు. నరాల బలహీనతగానో వెన్నెముక జబ్బుగానో పొరబడే అవకాశం ఉంది. చాలాకాలంగా మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో, డయాలసిస్ చేయించుకునేవారిలో టెండన్లు బలహీనపడతాయి కాబట్టి ఈ ప్రమాదం ఎక్కువ. ఉద్దానం ప్రాంతంలోనైనా మరెక్కడైనా ఇంట్లో కిడ్నీ రోగి ఉన్నవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి: డయాలసిస్ రోగి కూర్చున్నచోటు నుంచి లేవబోతూ కూలబడి, ఆ తరువాత కాళ్లు ఎత్తలేకపోతే అది నీరసం కాకపోవచ్చు.

మధుమేహం, గౌట్, కీళ్లవాతం ఉన్నవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి కూడా చిన్న గుంజుకే తెగవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్‌లు కూడా టెండన్లను దెబ్బతీయగలవు. ఇటీవల వాడి ఉంటే వైద్యుడికి చెప్పండి.

4. కాలిని చాపి కట్టండి

మోకాలు వంగితే తెగిన కొసలు, విరిగిన ముక్కలు ఇంకా దూరం జరుగుతాయి. అందుకే చాపిన స్థితిలోనే కదలకుండా కట్టాలి. దినపత్రికలను మందంగా మడిచి లేదా అట్టను కోసి, తొడ పైభాగం నుంచి చీలమండ దాకా వచ్చే బద్ద చేయండి. దాన్ని కాలి కింద పెట్టి, మోకాలి వెనుక సందులో చిన్న తువ్వాలు మెత్తగా ఉంచండి. తొడ మీద రెండు చోట్ల, పిక్క మీద రెండు చోట్ల కట్టండి. చిప్ప మీద కట్టవద్దు.

సరిగ్గా కట్టారో లేదో ఇలా చూసుకోండి. ప్రతి కట్టు కిందకు ఒక వేలు దూరాలి. బొటనవేలి గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎరుపెక్కాలి. తిమ్మిరి వచ్చినా, వేళ్లు నల్లబడినా కట్లు వదులు చేయండి.

5. మంచు, మాత్ర

తువ్వాలులో చుట్టిన మంచును పదిహేను నిమిషాలు పెట్టి తీసేయండి, రెండు గంటలకు మళ్లీ పెట్టవచ్చు. చర్మానికి నేరుగా ఆనించవద్దు. పాదం కింద దిండు పెట్టి కాలు ఎత్తుగా ఉంచండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకూడదు. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ మాట వైద్యుడికి ముందే చెప్పాలి.

తైలం మర్దనా, వేడి కాపడం వద్దు. ఎంత ప్రేమగా చేసినా, మొదటి రోజుల్లో అవి వాపును పెంచడం తప్ప చేసేదేమీ లేదు.

6. ప్రయాణం

బైకు వద్దే వద్దు. ఆటోలో మోకాలు మడవక తప్పదు కాబట్టి అదీ వద్దు. కారు వెనుక సీటులో అడ్డంగా కూర్చుని కాలు సీటు పొడవునా చాపుకోండి, లేదా 108 పిలవండి. అదే రోజు ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి బయల్దేరే ముందు భోజనం చేయకండి. ఆఖరిసారి ఎప్పుడు తిన్నారో గుర్తుంచుకోండి. మధుమేహానికి మందులు వాడేవారు ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే షుగరు పడిపోవచ్చు, చేరగానే ఆ సంగతి చెప్పండి.

7. ఆసుపత్రిలో ఏమి చెప్పాలి, ఏమి అడగాలి

చాలామంది “మోకాలు నొప్పండీ” అని మొదలుపెడతారు. అలా చెప్పకండి. “పడ్డాను, అప్పటి నుంచి కాలు చాపి ఎత్తలేకపోతున్నాను” అని చెప్పండి. మోకాలి నొప్పికి కారణాలు వంద ఉంటాయి. చాపి ఎత్తలేకపోవడానికి ఉండేవి కొన్నే. ఆ వాక్యం వింటే ఎముకల వైద్యుడి ఆలోచన ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళుతుంది.

ఎక్స్‌రే ముందు నుంచి ఒక్కటే తీస్తే చాలదు, పక్క నుంచి కూడా తీయాలి. చిప్ప అడ్డంగా విరిగితే పక్క నుంచి తీసిన దానిలోనే బాగా తెలుస్తుంది. ఎక్స్‌రేలో టెండన్ సరిగా కనిపించదు కానీ, చిప్ప ఏ ఎత్తులో ఉందో కనిపిస్తుంది. చిప్ప పొడవు, దాని కింది టెండన్ పొడవు మామూలుగా దాదాపు సమానం. కింది టెండన్ పొడవును చిప్ప పొడవుతో భాగిస్తే 1.2 దాటితే చిప్ప పైకి జారినట్టు, 0.8 కన్నా తగ్గితే కిందికి దిగినట్టు. మీరు కొలవనక్కరలేదు. “చిప్ప ఎత్తు సరిగ్గానే ఉందా?” అని అడిగితే చాలు.

ఎముక బాగుండి కూడా కాలు లేవకపోతే అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్‌ఐ అడగండి. అల్ట్రాసౌండ్ ఖర్చు తక్కువ. అయితే కండరాలు, టెండన్లు చూసే అలవాటున్న రేడియాలజిస్టు చేయాలి. “నొప్పి వల్ల ఎత్తలేకపోతున్నారేమో” అని వైద్యుడికి సందేహం వస్తే దానికీ మార్గం ఉంది. మోకాలిలో చేరిన రక్తాన్ని సూదితో తీసి, మత్తు మందు ఎక్కించి, మళ్లీ ఎత్తించి చూస్తారు. నొప్పి పోయినా లేవకపోతే తెగినట్టే లెక్క. తీసిన రక్తం మీద నూనె చుక్కలు తేలితే లోపల ఎముక విరిగినట్టు అనుమానించాలి.

దీనికి తిరకాసుగా మరొకటి ఉంది. కొందరికి పుట్టుకతోనే చిప్ప రెండు భాగాలుగా ఉంటుంది. ఎక్కువగా పై బయటి మూలన చిన్న ముక్క విడిగా కనిపిస్తుంది, అంచులు నున్నగా ఉంటాయి. అది విరగడం కాదు. సందేహం వస్తే రెండో మోకాలికీ ఎక్స్‌రే తీయిస్తే తరచుగా అక్కడా అలాగే కనిపిస్తుంది.

“బెణుకు” అని చెప్పి పంపించేస్తే ఐదారు రోజుల్లో తిరిగి వెళ్లి, మళ్లీ కాలు ఎత్తి చూపించండి. అప్పటికీ లేవకపోతే రెండో వైద్యుడి అభిప్రాయం తీసుకోండి. అలా అడగడం మొదటి వైద్యుడిని అవమానించడం కాదు. పూర్తిగా తెగిన టెండన్‌ను మొదటి రెండు వారాల్లో కుడితే పని సులువు. ఆ తరువాత కండరం ముడుచుకుని, కొసల మధ్య మచ్చ పేరుకుని, టెండన్‌ను సాగదీయడమో వేరేచోటి నుంచి ముక్క తెచ్చి అతకడమో చేయాల్సి వస్తుంది.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ వంటి పథకాల పరిధిలో ఉంటే చేరిన రోజే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఆపరేషన్ అయిపోయాక అడగడం కన్నా ముందు అడగడం మేలు.

8. ఆపరేషనా, కట్టా?

చిప్ప విరిగినా ఆపరేషన్ అక్కరలేని సందర్భాలున్నాయి. ముక్కల మధ్య ఎడం 3 మిల్లీమీటర్ల లోపు, కీలు వైపు ఎగుడుదిగుడు 2 మిల్లీమీటర్ల లోపు ఉండి, కాలు చాపి ఎత్తగలిగితే నాలుగు నుంచి ఆరు వారాలు కాలిని చాపి ఉంచే పిండికట్టు లేదా పొడవాటి బ్రేసు సరిపోతుంది. చాలామంది ఆ కట్టుతోనే నడవవచ్చు. అయితే ముక్కలు జరగలేదని నిర్ధారించుకోవడానికి ఒకటి రెండు వారాల్లో మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. నొప్పి తగ్గింది కదా అని దీన్ని మానేయకండి. టెండన్ కొంతమేరే తెగి కాలు ఎత్తగలిగినప్పుడు కూడా తరచుగా బ్రేసుతోనే చూస్తారు.

ముక్కలు విడిపోయినా, టెండన్ పూర్తిగా తెగినా ఆపరేషన్ తప్పదు. చిప్పకు తీగలు, పిన్నులు లేదా స్క్రూలు వేసి ముక్కలను దగ్గరకు బిగిస్తారు. టెండన్ అయితే చిప్పలో సన్నని రంధ్రాలు చేసి వాటి గుండా గట్టి దారాలతో కుడతారు.

ఇక్కడే పుత్తూరు కట్టు ప్రస్తావన వస్తుంది. “చెయ్యి విరిగితే మా నాన్నకు కట్టుతోనే నయమైంది, మోకాలికి ఎందుకు కాదు?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. విరిగిన చాలా ఎముకలను కదలకుండా పట్టి ఉంచితే అతుక్కుంటాయి. మోకాలిచిప్ప సంగతి వేరు. దాని పై ముక్కను తొడ కండరం పగలూ రాత్రీ పైకి లాగుతూనే ఉంటుంది. పైనుంచి ఎంత గట్టిగా కట్టినా ఆ లాగుడు ఆగదు. విడిపోయిన ముక్కల మధ్య ఎముక బదులు నార ఏర్పడి, కాలు జీవితాంతం పూర్తిగా చాపలేని పరిస్థితి రావచ్చు. తెగిన టెండన్ కూడా అంతే. ఎక్కడ కట్టు కట్టించుకోవాలనుకున్నా ముందు ఎక్స్‌రే తీయించి, కాలు ఎత్తే పరీక్ష చేయించుకుని, ముక్కలు విడిపోలేదని ఎముకల వైద్యుడితో చెప్పించుకోండి.

మోకాలు మార్పిడి ఆపరేషన్ అయినవారు పడి కాలు ఎత్తలేకపోతే, ఆ ఆపరేషన్ చేసిన సర్జన్ దగ్గరికే వెళ్లండి. వారి చికిత్స దారి వేరు.

9. మొదటి ఆరు వారాలు

తేదీలు, కోణాలు మీ సర్జన్ చెప్పినవే తుది. కుట్టు ఎంత బిగువుగా వచ్చిందో చేసినవారికే తెలుసు. మామూలుగా నడిచే క్రమం ఇది.

బ్రేసు బిగించి, కాలు చాపి ఉంచుతారు. వాకర్‌తో కాలు ఆనించి నడవనిస్తారా లేదా అని ఆసుపత్రి నుంచి వచ్చేముందే స్పష్టంగా అడగండి. నిద్రలో కూడా బ్రేసు తీయకూడదు. తెలియకుండా ఒక్కసారి మోకాలు మడిస్తే కుట్లు తెగవచ్చు.

మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి పాదాన్ని ముందుకూ వెనక్కీ ఇరవై సార్లు ఆడించండి. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఇది తోడ్పడుతుంది. పిక్క గట్టిపడి నొప్పి పెట్టినా, కాలు ఒక్కసారిగా వాచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే 108.

సర్జన్ అనుమతితో తొడ బిగించే వ్యాయామం మొదలుపెట్టండి. కాలు చాపి, మోకాలి వెనుక భాగాన్ని మంచానికి నొక్కుతున్నట్టు తొడను బిగించి ఐదు సెకన్లు ఉంచి వదలండి. పది సార్లు చొప్పున రోజుకు నాలుగైదు విడతలు. చేయి తొడ మీద పెట్టి చూడండి. కండరం గట్టిపడుతోందా, లేక పిరుదులు బిగించి సరిపెడుతున్నారా? మొదటి వారం చాలామంది చేసేది రెండోదే. తొడ “నిద్రపోయినట్టు” అనిపిస్తే భయపడకండి, వాపు తగ్గేకొద్దీ అది మేలుకుంటుంది.

ఇంట్లో అందరూ ప్రేమతో చేసే పొరపాటు ఒకటుంది: మోకాలి కింద దిండు. హాయిగానే ఉంటుంది. కానీ మోకాలు కొద్దిగా వంగిన స్థితిలోనే బిగుసుకుపోతుంది, తరువాత చాపడం నరకమవుతుంది. దిండు మడమ కింద పెట్టండి, మోకాలి వెనుక ఖాళీగా వదిలేయండి.

సర్జన్ వంచమన్నాక మడమను మంచం మీదే జారుస్తూ పిరుదుల వైపు తేవాలి, చెప్పిన కోణం దగ్గర ఆగాలి. మొదట 30 డిగ్రీలు, తరువాత 60, ఆరో వారానికి 90 దాకా తీసుకెళ్లడం తరచుగా కనిపించే పద్ధతి. తిరిగి చాపేటప్పుడు తొడ బలం వాడకుండా, మడమకు తువ్వాలు తగిలించి చేతులతో లాగండి. కుర్చీలో కూర్చుని పాదాన్ని గాలిలోకి లేపి చాపే వ్యాయామం ఈ దశలో చేయవద్దు. కుట్టు మీద అన్నింటికన్నా ఎక్కువ లాగుడు పడేది అప్పుడే.

మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు. దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు. నేల మీద కూర్చోవడం, బాసింపట్టు, నేలబారు మరుగుదొడ్డి ఇప్పుడు వద్దు.

10. ఆరో వారం నుంచి ఆరో నెల దాకా

బ్రేసు క్రమంగా వదులు చేస్తారు. తొడ బలం వచ్చేదాకా బయటికి వెళ్లేటప్పుడు చేతికర్ర వదలకండి. కర్రను దెబ్బతిన్న కాలికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. గోడకు వీపు ఆనించి కొద్దిగా వంగడం, చిన్న మెట్టు ఎక్కడం, సైకిల్ తొక్కడం ఈ దశలో మొదలవుతాయి. ఏది ఎప్పుడన్నది మీ ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి. బండి నడపడం బ్రేసు పూర్తిగా తీసేసి, గట్టిగా బ్రేకు తొక్కగలిగినప్పుడే. పరుగు సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల తరువాత, ఆటలు అంతకన్నా ఆలస్యంగా.

తొందరపడితే ఏమవుతుందో బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు రొనాల్డో కథ చెబుతుంది. 1999 నవంబరులో కింది టెండన్ దెబ్బతిని ఆపరేషన్ అయింది. ఐదు నెలలు గడవకముందే, 2000 ఏప్రిల్‌లో ఇటలీ కప్ ఫైనల్‌లో మైదానంలోకి దిగిన కొద్ది నిమిషాలకే అదే టెండన్ పూర్తిగా తెగింది. ఈసారి తిరిగి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. అయితే 2002 ప్రపంచకప్‌లో ఎనిమిది గోల్స్ కొట్టింది కూడా ఆ మోకాలితోనే. నిరాశలో ఉన్న రోగులకు నేను ఈ రెండో సగం తప్పకుండా చెబుతాను.

తీగలు, పిన్నులు వేయించుకున్నవారికి మోకరిల్లినప్పుడు గుచ్చుకున్నట్టు ఉండడం మామూలే. ఎముక అతికాక అవసరమైతే వాటిని తీసేస్తారు. తీగ కొస చర్మాన్ని పొడుచుకుని వస్తున్నట్టు కనిపిస్తే, చీము లేదా జ్వరం ఉంటే ఆగకుండా చూపించండి.

వారానికోసారి కొలిచి రాసుకోండి

నోటుపుస్తకంలో నాలుగు గీతలు చాలు. ఆదివారం ఉదయం, ఒకే సమయంలో కొలవండి. ఆరు వారాల లోపు అయితే సర్జన్ అనుమతించిన కొలతలే తీయండి.

చాపడం: మడమ కింద మడిచిన తువ్వాలు పెట్టి కాలు వదిలేయండి. రెండు మోకాళ్లూ ఒకే మట్టానికి దిగుతున్నాయా?

వంచడం: మడమ జార్చి, మడమకూ పిరుదులకూ మధ్య దూరం టేపుతో కొలవండి. ఇది వారం వారం తగ్గాలి. రెండు వారాలు కదలకుండా నిలిచిపోతే ఫిజియోథెరపిస్టుకు చెప్పండి.

తొడ చుట్టుకొలత: చిప్ప పై అంచు నుంచి 10 సెంటీమీటర్లు పైకి పెన్నుతో గుర్తు పెట్టి రెండు తొడలూ కొలవండి. తేడా నెమ్మదిగానే తగ్గుతుంది. ఏడాది తరువాత కూడా కొంత మిగలవచ్చు.

కాలు ఎత్తడం: మొదటి రోజు చేసిన పరీక్షే. మడమ జానెడు ఎత్తినప్పుడు మోకాలు వేలాడకుండా నిటారుగా నిలిచిందా? నిన్నటిదాకా నిలిచిన కాలు ఇవాళ హఠాత్తుగా వేలాడితే, లేదా టప్పుమన్న శబ్దం తరువాత లేవకపోతే, బ్రేసు మళ్లీ బిగించి అదే రోజు సర్జన్ దగ్గరికి వెళ్లండి.

ఆఖరి పరీక్ష మెట్లు దిగడం. చాలామంది ఎక్కడం వచ్చాక అయిపోయిందనుకుంటారు. దిగేటప్పుడే తొడ కండరం వంగుతున్న మోకాలిని పట్టి ఆపాలి, మొదట తాడు తెగింది కూడా ఆ పనిలోనే. ఫిజియోథెరపిస్టు సరే అన్నాక మెట్ల పక్క కమ్మీ పట్టుకుని, దెబ్బతిన్న కాలు పై మెట్టు మీద ఉంచి, బాగున్న కాలిని కింది మెట్టు మీదకు చప్పుడు కాకుండా దించండి. పాదం దబ్బున పడితే ఇంకా బలం రాలేదు. ఆ ఉపాధ్యాయుడికి ఇది కుదరడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఆ రోజు ఆయన మా మెట్లు మూడుసార్లు ఎక్కి దిగి చూపించారు, మంచం మీదకు కూడా రెండో పాదం సాయం లేకుండానే ఎక్కారు.